గల్ఫ్ సొమ్ముకు దారి ఖర్చు

జగిత్యాల జిల్లాలో గల్ఫ్ మనిషి లేని ఊరు అరుదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ పరిసర గ్రామాలలో ఇంటి ముందు ఆడవారు బీడీలు చుడుతుంటే, ఆ ఇంటి మగవాడు దుబాయ్‌లోనో, దమ్మామ్‌లోనో, దోహాలోనో ఎండకు మాడుతుంటాడు. ఒకప్పుడు అతనిని బొంబాయి బస్సు ఎక్కించడానికి, ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో దింపడానికి ఇంటిల్లిపాదీ కదలుతారు. వీసాకు ఎంత పడింది, కంపెనీ మంచిదేనా, జీతం ఎంత, తిండి కంపెనీదా సొంతమా అని ఊరంతా అడుగుతుంది. ఆ జీతం నెలనెలా ఏ దారిన ఇంటికి చేరుతుందని అడిగేవారు మాత్రం కనిపించరు. ఆ దారికి కూడా ఖర్చు ఉంది. అది బస్సు టిక్కెట్టులా ఒకసారి కట్టి మరచిపోయేది కాదు. పని చేసినన్నాళ్లు నెలనెలా కోత పడుతూనే ఉంటుంది.

వెనుకటి తరం డ్రాఫ్టుల కాలం చూసింది. అక్కడి నుంచి రిజిస్టరు కవరులో డ్రాఫ్టు రావాలి, దానిని పట్టుకొని పట్నంలోని బ్యాంకుకు పోవాలి, అది మారేవరకు రోజుల తరబడి తిరగాలి. సెలవుపై వచ్చే ఊరివాని చేత నోట్లు, బంగారం పంపించుకున్నవారూ ఉన్నారు. ఆ బాధలు తీరాయి. నేడు అక్కడ సెల్‌ఫోనుపై వేలు పెడితే ఇక్కడ ఖాతాలో సొమ్ము పడుతోంది. అయితే వేగం పెరిగినంతగా తెలివిడి పెరగలేదు.

ఇది చిన్న వ్యవహారమేమీ కాదు. రిజర్వు బ్యాంకు జరిపిన సర్వే ప్రకారం 2023–24 సంవత్సరంలో విదేశాల నుంచి మన దేశానికి ఇళ్లకు చేరిన సొమ్ము 11,870 కోట్ల డాలర్లు. అందులో తెలంగాణ వాటా నూటికి 8.1. దేశానికి వచ్చిన మొత్తంలో అయిదింట ఒక వంతుకు కాస్త తక్కువగా ఒక్క యుఏఇ నుంచే వచ్చింది. తెలంగాణ వాటాలో అమెరికాలోని ఇంజనీర్ల డాలర్లూ ఉన్నాయి, ఎడారిలో ఇనుము వంచినవారి దిర్హాంలూ ఉన్నాయి. ఇంజనీరుకు నూటికి రెండు రూపాయలు దారిలో పోయినా పూట గడుస్తుంది. వీసా అప్పుకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటికి ఆ రెండు రూపాయలే ప్రాణం.

సొమ్ము పంపే ఖర్చు సగటున నూటికి 3కు మించరాదని, 2030 నాటికి ఆ స్థితి రావాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకొన్నది. ప్రపంచ సగటు ఇప్పటికీ నూటికి 6కు పైనే ఉన్నట్లు ప్రపంచ బ్యాంకు లెక్కలు చెబుతున్నాయి. గల్ఫ్ నుంచి భారతదేశానికి వచ్చే దారి వీటిలో చౌకైన వాటి కోవలోనిదే. అయినా ఆ చౌక, లెక్క తెలిసినవానికే అందుతోంది.

లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూడాలి. ఎక్స్చేంజి దుకాణానికి పోయినవాడు ముందుగా అడిగేది ‘కమీషను ఎంత?’ అని. కమీషను లేదన్న దుకాణమే మంచిదనుకొని అక్కడే వరుసలో నిలబడతాడు. అసలు కోత మారకం రేటులో ఉంటుందన్నది అతనికి తట్టదు. దిర్హాంకు బజారు రేటు 24 రూపాయలు అనుకుందాం. ఒక దుకాణం 20 దిర్హాంలు కమీషను పుచ్చుకొని 23 రూపాయల 90 పైసలు ఇస్తుంది. పక్క దుకాణం కమీషను లేదని బోర్డు పెట్టి 23 రూపాయల 30 పైసలే ఇస్తుంది. వెయ్యి దిర్హాంలు పంపేవానికి మొదటి దుకాణంలో రేటు కింద 100 రూపాయలు, కమీషను కింద 480 రూపాయలు, మొత్తం 580 పోతాయి. ‘ఉచితం’ అన్న దుకాణంలో 700 పోతాయి. రసీదులో కమీషను 480 కంటికి కనిపిస్తుంది, 700 కనిపించదు. తేడా అంతే.

కనుక అడగవలసిన ప్రశ్న వేరు. ‘ఇన్ని దిర్హాంలు నా చేతి నుంచి పోతే ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు రెండు మూడు చోట్ల వచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బోర్డూ మోసం చేయలేదు. ఆనాటి బజారు రేటు సెల్‌ఫోనులో ఎవరికైనా దొరుకుతుంది.

మరొక సంగతి. దిర్హాంను డాలరుకు 3.6725 చొప్పున, సౌదీ రియాల్‌ను 3.75 చొప్పున ఆయా దేశాలు ఏళ్ల తరబడి కట్టివేసి ఉంచాయి. ఖతార్ రియాల్‌దీ 3.64 వద్ద ఇదే కథ. అందుచేత దిర్హాం పెరిగిందంటే అక్కడ ఏదో జరిగిందని కాదు, డాలరు ముందు మన రూపాయి తగ్గిందని అర్థం. రూపాయి ఇంకా తగ్గుతుంది, అప్పుడు పంపుదామని గదిలో జీతం దాచుకొని కూర్చొనేవారు చాలామంది. రూపాయి తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. ఈలోగా ఊళ్లో వడ్డీ మాత్రం ఆగదు.

ఈ వడ్డీ మాట వేసుకోకుండా చెప్పే సలహా ఏదైనా అర్ధసత్యమే. ‘చిన్న మొత్తాలు పదేపదే పంపవద్దు, కమీషను దండగ, రెండు నెలలది ఒకేసారి పంపండి’ అని తెలిసినవారు చెబుతుంటారు. పై లెక్కనే తీసుకుంటే, మొదటి దుకాణంలో రెండు నెలలు విడివిడిగా పంపితే 1,160 రూపాయలు పోతాయి, కలిపి పంపితే 680 పోతాయి. మిగులు 480. కానీ మొదటి నెల 24,000 రూపాయలు అప్పుకు జమ కాకుండా ఒక నెల ఆగినందుకు మూడు రూపాయల చొప్పున 720 వడ్డీ పడుతుంది. నికరంగా 240 నష్టం. రెండు రూపాయల వడ్డీ అయితే చెల్లుకు చెల్లు. అప్పు తీరినవాడు కలిపి పంపడం లాభం, అప్పు ఉన్నవాడు జీతం వచ్చిన నాడే పంపడం లాభం. ఒకే గదిలో ఉండే ఇద్దరికి రెండు సలహాలు కావాలి.

అక్కడ సాధనాలు కరువు కాలేదు. యుఏఇలో 2009 నుంచి, సౌదీలో 2013 నుంచి, ఖతార్‌లో 2015 నుంచి జీతాలను బ్యాంకు ద్వారానో, జీతం కార్డు ద్వారానో చెల్లించే విధానం వచ్చింది. ఎక్స్చేంజి దుకాణాలు మన బ్యాంకులతో రిజర్వు బ్యాంకు అనుమతించిన ఏర్పాటు చేసుకొని నేరుగా రూపాయలనే ఇక్కడి ఖాతాలో వేస్తాయి. అవే దుకాణాలకు సెల్‌ఫోను యాప్‌లూ ఉన్నాయి. దుకాణం వరకు పోను రాను టాక్సీ ఖర్చు, సెలవునాడు పోగొట్టుకొనే పూట లెక్క వేస్తే యాప్ చౌకగా తేలుతుంది. ప్రపంచమంతటా చూసినా నగదు కంటే యాప్ దారి చౌక, బ్యాంకుల నేరు దారి అన్నిటికంటె ఖరీదు. బ్యాంకు అనగానే చౌక అనుకోవడం పొరపాటు. ఖాతా లేని ఇంటివారికి రహస్య సంఖ్య చెప్పి, గుర్తింపు కార్డు చూపి సొమ్ము తీసుకొనే పద్ధతి ఉంది. దానిలో ఒకసారికి 2,500 డాలర్లకు మించి రాదు, ఒకరికి ఏడాదిలో 30 సార్లకు మించి రాదు, 50,000 రూపాయల వరకే నగదు ఇస్తారు.

ఇక హవాలా. పల్లెల్లో దీనిని తప్పుగా చూడరు. కమీషను అడగరు, రేటు బజారు కంటె ఎక్కువ ఇస్తారు, రాత్రి ఫోను చేస్తే తెల్లవారేసరికి మోటారు సైకిలుపై మనిషి వచ్చి ఇంట్లో నోట్లు లెక్కబెట్టి పోతాడు. బ్యాంకులో వరుస లేదు, కాగితాలు లేవు. ‘ఇందులో తప్పేముంది, మా కష్టార్జితమే కదా’ అని అడిగేవానికి చట్టం పేరు చెప్పి భయపెట్టడం జవాబు కాదు. ఎక్కువ రేటు ఎందుకు ఇవ్వగలుగుతున్నాడన్నది విడమరచి చెప్పాలి.

హవాలాలో సొమ్ము సముద్రం దాటదు. దిర్హాం అక్కడే ఉంటుంది, రూపాయి ఇక్కడే ఉంటుంది. అటూ ఇటూ పోయేది కబురు మాత్రమే. ఇక్కడ పన్ను ఎగవేసిన రూపాయలు పోగుపడ్డ వానికి అక్కడ దిర్హాంలు కావాలి. బంగారం దొంగతనంగా తెప్పించేవానికీ అవే కావాలి. కూలివాని దిర్హాంలు వానికి అక్కడ అందుతాయి, వాని రూపాయలు కూలివాని ఇంటికి ఇక్కడ అందుతాయి. ఆ అవసరం కొద్దీ నాలుగు పైసలు ఎక్కువ ఇస్తాడు. ఇచ్చేవాని దయ కాదది.

మారకం లాభం ఎంత? దిర్హాంకు 24 రూపాయల 30 పైసలు ఇచ్చాడనుకుంటే, వెయ్యి దిర్హాంలపై 300 రూపాయలు ఎక్కువ, దుకాణం కోత 580 మిగులు, మొత్తం 880. నిజమే, చిన్న మొత్తం కాదు. కానీ ఒక్క నెల ఆ మనిషి రాకపోతే 24,300 పోయినట్లే. 27 నెలల లాభం ఒక్క రాత్రితో తుడిచిపెట్టుకొని పోతుంది. రసీదు లేదు, ఫిర్యాదు లేదు. పోలీసు స్టేషనుకు పోతే ముందు జవాబు చెప్పుకోవలసింది పోగొట్టుకున్నవాడే. విదేశాల వారి తరఫున అనుమతి లేనివారి చేత సొమ్ము పుచ్చుకోవడం 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద ఉల్లంఘన. ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేయవచ్చు.

ఇటీవలి ప్రమాదం ఇంకొకటి, అది ఇంతకంటె చెడ్డది. ఇప్పుడు నోట్లు తెచ్చే మనిషికి బదులుగా, ఎవరో తెలియని ఖాతాల నుంచి ఆన్‌లైన్‌లో సొమ్ము వేస్తున్నారు. ఆ ఖాతాలో ఉన్నది ఎవని సొమ్ము? ఎక్కడో మరో రాష్ట్రంలో ఒక ముసలాయనను ఫోనులో బెదిరించి గుంజుకున్నది కావచ్చు. ఆయన ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ సొమ్ము ఏ ఖాతాల గుండా పోయిందో వరుసగా చూసి అన్నిటినీ నిలిపివేయిస్తారు. ఆ వరుసలో బీడీలు చుట్టే తల్లి ఖాతా కూడా ఉంటుంది. బిడ్డ పెళ్లి పది రోజులుందనగా ఖాతా నిలిచిపోయిందని బ్యాంకువారు చెబితే ఆమె ఎవరిని అడగాలి? భర్త పంపిన జీతమని చెప్పడానికి కాగితం లేదు. పంపినవాని పేరు ఆమెకు తెలియదు. కేసు పెట్టిన ఊరు ఏ దిక్కున ఉందో కూడా తెలియదు.

గదిలో ఉన్న అయిదారుగురి జీతాలు పోగుచేసి ఒకరి పేరున పంపడం మరొక అలవాటు. కమీషను పంచుకుంటే తలా వంద రూపాయలు కూడా పడదు. ఇది హవాలా కాదు గానీ చిక్కులు లేనిదీ కాదు. ఒకని జీతానికి మించిన సొమ్ము అతని పేరున నెలనెలా పోతుంటే ఎక్కడిదని అక్కడివారు అడగడం సహజం. ఇక్కడ భర్త, తండ్రి, కొడుకు, అన్నదమ్ములు వంటి దగ్గరి బంధువులు పంపిన సొమ్ముకు ఆదాయపు పన్ను లేదు. స్నేహితులు పంపినది ఏడాదిలో 50,000 దాటితే ఆదాయం కింద లెక్కకు వస్తుంది. తన జీతమే అయినా స్నేహితుని పేరున వస్తే కాగితం మీద అది స్నేహితుని సొమ్ము.

తప్పంతా పంపేవారిదే అనడం న్యాయం కాదు. దారిలో ముళ్లు ఈ చివరన కూడా ఉన్నాయి. 2014 తరువాత జన్‌ధన్ పథకంలో చాలామంది ఆడవారి పేర ఖాతాలు వచ్చాయి. వాటిలో ఫొటో, సంతకంతోనే తెరిచిన చిన్న ఖాతాలు కొన్ని. పూర్తి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఆ ఖాతాలో విదేశాల సొమ్ము జమ చేయరాదని నిబంధన. ఆ సంగతి ఖాతా ఇచ్చిననాడు చెప్పినవారు అరుదు. సొమ్ము వెనక్కి పోయిన తరువాత తెలుస్తుంది. పత్రాలు కొత్తగా ఇవ్వనందుకు ఆగిపోయిన ఖాతాలు మరికొన్ని. 2025 జూలై నుంచి సెప్టెంబరు వరకు దీని కోసమే పంచాయతీల్లో బ్యాంకులు శిబిరాలు పెట్టాయి. ఆ రోజు పొలంలో ఉన్నవారి పని అలాగే మిగిలింది.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. దానితోపాటు బ్రాంచిల కోడు సంఖ్యలు మారాయి. ఎనిమిదేళ్ల కిందట ఒక కాగితం మీద రాసుకొని పోయిన పాత కోడునే నేటికీ గల్ఫ్‌లో పెట్టెలో దాచుకున్నవారు లేకపోలేదు. పాసుపోర్టులో ఇంటిపేరు ఒక రకంగా, పాసుపుస్తకంలో మరొక రకంగా ఉండడం సరేసరి. సొమ్ము పంపే ముందు ఇంటినుంచి పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటో తెప్పించుకొని సరిచూసుకోవడం కాణీ ఖర్చు లేని పని.

పోయేవాని సొంత ఖాతా సంగతి వేరే ఉంది. విదేశంలో ఉద్యోగానికి పోయినవాడు ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను అలాగే ఉంచుకోరాదు, దానిని ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలి. అక్కడి జీతం వేసుకోవడానికి ఎన్ఆర్ఇ ఖాతా తెరవాలి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, కావాలంటే ఆ సొమ్ము తిరిగి బయటకు తీసుకుపోవచ్చు. భార్యకు అధికార పత్రం ఇస్తే ఇంటి ఖర్చులకు ఆమె ఆ ఖాతా నుంచి తీసుకోవచ్చు. అన్నింటికంటె ముఖ్యం, ఆ ఖాతాలో అతని కష్టం అతని పేర ఉంటుంది, వారసురాలి పేరు ఉంటుంది. సొమ్మంతా అన్న ఖాతాకు పోయి, ఆ తరువాత అనుకోనిది జరిగి, భార్యాబిడ్డలు పెద్దమనుషుల ముందు నిలబడిన తగవులు పల్లెలకు కొత్త కావు. ఇంట్లో ఎవరిని నమ్మాలన్నది ఆ ఇంటి విషయం. ఆమె పేరు కాగితం మీద ఉండడం నమ్మకానికి అడ్డు కాదు.

ఎన్ఆర్ఇ ఖాతా ఉన్నవారికి మరో వెసులుబాటు కూడా వచ్చింది. యుఏఇ, సౌదీ, ఖతార్, ఒమన్ సహా పది దేశాల సెల్ నంబర్లతోనే ఆ ఖాతా నుంచి యుపిఐ వాడుకోవడానికి 2023 జనవరిలో అనుమతి ఇచ్చారు. ఇక్కడి సిమ్ము రీచార్జి లేక చచ్చిపోయి, ఓటిపి రాక తంటాలు పడేవారికి ఇది మేలు. సింగపూర్‌కు, మన దేశానికి నడుమ 2023 ఫిబ్రవరి నుంచి యుపిఐ దారిలోనే సొమ్ము పంపుకోవచ్చు. యుఏఇతో అటువంటి దారి వేయడానికి అదే ఏడాది జూలైలో రెండు దేశాల రిజర్వు బ్యాంకులూ ఒప్పందం రాసుకున్నాయి. సింగపూర్ దారికి ఉన్న తొందర గల్ఫ్ దారికి ఇంకా ఎక్కువ ఉండాలి. అక్కడ పని చేసేవారు ఎక్కువ, జీతాలు తక్కువ.

అమెరికాలో పిల్లలున్నవారికి ఒక్క మాట. 2026 జనవరి 1 నుంచి ఆ దేశం బయటకు పంపే సొమ్ముపై నూటికి 1 చొప్పున పన్ను వేసింది. అది నగదు, మనియార్డరు వంటి వాటితో పంపేవారికే గానీ, బ్యాంకు ఖాతా నుంచి, అక్కడి బ్యాంకు కార్డు నుంచి పంపేవారికి లేదు. చదువులకు ఇక్కడినుంచి పంపే తల్లిదండ్రులకు, ఏడాదిలో పది లక్షల వరకు ముందస్తు పన్ను కోత లేకుండా 2025 ఏప్రిల్ నుంచి సడలించారు.

జిల్లాలో బ్యాంకర్ల సమావేశాలు జరుగుతూనే ఉంటాయి. పంట రుణాలు, సంఘాల రుణాలు చర్చకు వస్తాయి. గల్ఫ్ కుటుంబాల ఖాతాల సంగతి ఎన్నిసార్లు వచ్చింది? కోరుట్ల, మెట్‌పల్లి వంటి చోట్ల బ్రాంచిలలో వారానికి ఒక పూటైనా ఈ కుటుంబాల కోసం కేటాయించవచ్చు. చిన్న ఖాతాలను పూర్తి ఖాతాలుగా మార్చడం, పేర్లు సరిచేయడం, కొత్త కోడు రాసి ఇవ్వడం, ఎన్ఆర్ఇ దరఖాస్తు నింపి పెట్టడం, ఇవేవీ ఢిల్లీ నుంచి ఉత్తర్వులు రావలసిన పనులు కావు. ‘ఇక్కడ కాదు, జిల్లా కేంద్రానికి పొండి’ అనే జవాబే హవాలా మోటారు సైకిలుకు పెట్రోలు పోస్తున్నది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల దాటినా పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చునని, వివరాలకు 14448 నంబరు ఉందని ఎన్ని బ్రాంచిల గోడలపై జనం చదవగల తెలుగులో రాసి ఉంది?

వీసా చేతికి వచ్చిన నాటి నుంచి విమానం ఎక్కేనాటికి నడుమ కొద్ది రోజులే ఉంటాయి. ఆ రోజుల్లో వైద్య పరీక్షకు తిరుగుతారు, అప్పుకు తిరుగుతారు, చుట్టాలకు చెప్పి వస్తారు. ఖాతా కోసం బ్యాంకుకు రెండు సార్లు రమ్మంటే మూడోసారి పోరు. బతుకమ్మకు, దసరాకు సెలవుపై వచ్చినవారిదీ అదే తొందర. ఒక్క పూటలో ఖాతా పని ముగించి పంపే ఏర్పాటును లీడ్ బ్యాంకు అధికారులు ఈ దసరాకైనా ప్రతి మండలంలో చేయవలసి ఉన్నది.